కార్నిస్ మీద బొటనవేలు

అచ్చులో పోసిన ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వెచ్చబడుతుంది. ఈ ఉదయం అచ్చు మీద బొటనవేలు పెట్టి ఆ వేడి కోసం చూస్తుంటే కామేశ్వరి గారు గుర్తొచ్చారు. రోజూ గుర్తొస్తారు, ఈ రోజు కాస్త గట్టిగా వచ్చారు. ఆవిడ పోయి రెండేళ్ళయింది. డెట్రాయిట్ చుట్టుపక్కల పాత బ్యాంకుల్లో, కోర్టుల్లో, గ్రీకు, రోమన్ పద్ధతిలో కట్టిన స్తంభాలకీ, గోడ పైఅంచున సాగే కార్నిస్‌లకీ ఊడిపోయిన నగిషీని మళ్ళీ పోసిపెట్టే షాపు మాది. అందులో ముప్ఫై ఏళ్ళు ఆవిడే పెద్ద. నాకు పని నేర్పింది ఆవిడే.

ఆర్కిటెక్చర్‌లో మాస్టర్స్ చేసి, ఉద్యోగం దొరక్క డెట్రాయిట్ పక్కనే ఉన్న ట్రాయ్ ఊళ్ళో స్నేహితురాలి ఇంట్లో ఉంటున్నప్పుడు ఆవిడ పరిచయమయ్యారు. షాపులో మొదటి రోజు "ఆంటీ" అన్నాను. "బయట ఆంటీ అను, అత్తయ్యా అను, నీ ఇష్టం. ఇక్కడ మాత్రం కామేశ్వరి," అన్నారు. పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. "అండీ"తో నెట్టుకొచ్చాను. నేను పుస్తకాల్లో బట్టీపట్టిన పేర్లన్నిటికీ ఆవిడ దగ్గర ముద్దుపేర్లు ఉండేవి. కార్నిస్ కింద వరుసగా వచ్చే చిన్న చిన్న దిమ్మలు, డెంటిల్స్, పళ్ళ వరుస. ఎగ్ అండ్ డార్ట్ గుడ్లూ బాణాలూ. లోపలికి పోయి మళ్ళీ బయటికి తిరిగే వంపు మూతివిరుపు. గ్రీకులు స్తంభం నడుమ ఉంచిన ఆ కాస్త ఉబ్బు ఎందుకని అడిగితే, "తిన్నగా గీస్తే ఉపవాసం ఉన్నట్టు కనిపిస్తుందమ్మాయ్. అంత బరువు మోసేదానికి కాస్త పొట్ట ఉండొద్దూ?" అన్నారు.

ఏ నగిషీనైనా ఆవిడ బొటనవేలితో తడిమి చూసేవారు. అది అనుభవమనుకుని మురిసిపోయేదాన్ని.

ఒకసారి పాత బ్యాంకు హాల్ పని వచ్చింది. కార్నిస్ కింద నాలుగు గోడలకీ పళ్ళ వరుస కొత్తగా పెట్టాలి. అది నా మొదటి సొంత డ్రాయింగ్. ఎడమ మూల నుంచి మొదలుపెట్టి ఒకే కొలత సందు వదులుతూ పళ్ళు గీసుకుంటూ వెళ్ళాను. చివరి మూలలో ఏదో ఇరుకుగా ఉందనిపించినా, ఆవిడ చూస్తారులే అని తీసుకెళ్ళాను. ఆవిడ కాగితాన్ని ముందు పెట్టుకుని, చాలాసేపు దాన్ని బొటనవేలితో తడిమారు. కాగితం మీద వేలికి తగిలేదేముంది? "బాగుంది, పోసెయ్," అన్నారు. ఆవిడకి కనబడడం లేదని నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. తెలిసీ కాగితం చుట్టుకుని బయటికి వచ్చేశాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, నా గీత పాసైందన్న సంతోషం కూడా అందులో ఉంది.

పళ్ళు అతికించాక ఆవిడ పరంజా ఎక్కారు. వేలు గోడల వెంట సాగి చివరి మూలలో ఆగింది. అక్కడ సగం పన్నే పట్టింది.

"ఆ కాగితం నాకు కనబడలేదని నీకు తెలుసా?"

"తెలుసండీ."

"మరి చదివి వినిపిస్తే నీ సొమ్మేం పోయేది?"

"మీరు బాధపడతారని..."

"ఇప్పుడు సంతోషంగా ఉన్నానా?"

కిందికి దిగి నేరుగా ఓనర్ దగ్గరికి వెళ్ళారు. వెనకే వెళ్ళి తప్పు నాదని చెప్పబోతే చెయ్యెత్తి ఆపారు. "ఐ డిడ్ నాట్ రీడ్ ఇట్. ఐ కాంట్ రీడ్ ఎనీమోర్," అన్నారు. ఏడాదిగా దాచుకున్న మాట అది. బయటపడితే పని పోతుందని ఆవిడకి తెలుసు. అలాగే అయింది. ఆ హాల్ పూర్తయ్యేదాకా ఉండనిమ్మని మాత్రం అడిగారు.

ఓనర్ సరే అన్నాడు. హాల్ పూర్తవడానికి పట్టిన ఆరు వారాలూ ప్రతి గీతనీ, ప్రతి కొలతనీ చదివి వినిపించాను. ఆవిడ కళ్ళు మూసుకుని వినేవారు. "మూలలు అందరూ చూస్తారు. రెండు మూలల నుంచీ మొదలుపెట్టి మధ్యకి రా. సర్దుబాటంతా అక్కడ చెయ్, ఎవరికీ కనబడదు," అన్నారు. ఆ గోడ మీది పళ్ళన్నీ ఊడదీసి, మధ్యలో పది పన్నెండు పళ్ళ సందుల్లో వెంట్రుకవాసి తేడాతో సర్దాను. చివరి రోజు పరంజా మీద ఆవిడ వేలు సాగి సాగి, గోడ మధ్యలో ఆగింది.

"ఇక్కడే కదూ?"

"ఎవరికీ కనబడదన్నారుగా!"

"కనబడదు. అందుకే నాకు దొరికింది," అని పకపకా నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు ఆవిడ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. నా కళ్ళు బాగానే ఉన్నాయి. అయినా ఎవరు డ్రాయింగ్ తెచ్చినా, సంతకం పెట్టే ముందు చదివి వినిపించమంటాను. ఈ ఉదయం, కొత్తగా చేరిన అమెరికన్ అమ్మాయి కాగితం నా ముందు పరిచి, చదవమనగానే నా మొహంలోకి సూటిగా చూసింది. "వై? కాంట్ యూ సీ ఇట్?" అంది.

ఎంత సులువుగా అడిగేసింది! ఆ ఒక్క ప్రశ్నే నేను ఆవిడని అడగలేకపోయాను.

కనబడుతోందని చెప్పాను. అయినా చదవమన్నాను, మూల నుంచి.