సుందరరాజన్ మామకు అర్థం కాలేదు

మా సుందరరాజన్ మామకు ఏ సంగతీ ఒక్కసారికి అర్థం కాదు. అర్థం కాలేదన్న సంగతిని మాత్రం నిలబడి, ఊరందరికీ అర్థమయ్యేలా చెబుతాడు. ఒక పెళ్లిలో సరిగ్గా ముహూర్తం వేళకు, "సామీ, ఆ మంత్రం నాకు అర్థం కాలేదు, ఇంకోసారి చెప్పు" అని పురోహితుణ్ణి ఆపేశాడు. తాళి పట్టుకున్న పెళ్లికొడుకు ఆయనే. సౌభాగ్యం అత్తకు ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.

తమిళనాడు ధర్మపురిలో ఆయనది గోనెసంచుల కొట్టు, అందరికీ ఆయన శెట్టిగారే. నాది బ్లాక్‌చైన్ సదస్సుల పిచ్చి. ఒక రికార్డును వందచోట్ల దాచి, ఎవరూ చెరపలేకుండా చేసే పద్ధతి గురించి ఊళ్లో ఆరు సదస్సులు పెట్టాను. ఆరింటికీ మామ వచ్చాడు, ఆరింట్లోనూ లేచాడు. బెంగళూరు నుంచి వచ్చిన ఒక వక్త, ఆ పెద్దమనిషి రాడని మాటిస్తేనే మళ్లీ వస్తానన్నాడు.

ఏడోదానికి చెన్నై నుంచి దినకరన్ అనే అధికారి వచ్చాడు. జిల్లాలోని చింతతోపుల హక్కులన్నీ బ్లాక్‌చైన్‌లోకి ఎక్కిస్తారట. ఒంటిగంటలోపు జనం మైకులో చెప్పిన అభ్యంతరాలే మినిట్స్‌లో చేరతాయి. నిర్వాహకురాలినైన నా మాట చెల్లదు.

నా భయమంతా సోగత్తూరు మాదమ్మక్క గురించే. వాళ్ల నాయన నేలను కొడుక్కి ఇచ్చి, ఆ నేలలోని రెండు చింతచెట్లను పసుపు కుంకుమల కింద కూతురికి ఇచ్చాడు. మా వైపు అది మామూలే. ముసాయిదాలో మాత్రం నేల ఎవరిదో రాసే గడి ఒక్కటే ఉంది. అలాగే ఎక్కిందంటే ఆ చెట్లు అన్న సొత్తయిపోతాయి. ఆమె బతుకంతా వాటిమీదే. పాపం, మైకును చూస్తేనే ఆమెకు చెమటలు.

పొద్దున్నే మామను బతిమాలాను.

"మామా, ఈ పొద్దు ఒక్కనాడు నోరు తెరవొద్దు. మాదమ్మక్క అడగాల."

"సరే పాపా. నాకేం పని."

పన్నెండు ముప్పై అయిదుకు మామ మైకు అందుకుని లేచాడు.

"సార్, నాకు అర్థం కాలేదు."

దినకరన్ ఓపికగా మొదటినుంచీ చెప్పాడు.

"ఇంకా అర్థం కాలేదు. చెట్టంటే ఏమి సార్?"

హాల్లో అందరూ నవ్వారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. పన్నెండు యాభై అయింది. బయట డ్రైవరు అధికారి కారు స్టార్ట్ చేసిన చప్పుడు వినబడింది. చివరి వరసలో మాదమ్మక్క కొంగు నలుపుకుంటూ కూర్చునే ఉంది. నేను మామ చొక్కా పట్టి లాగాను.

"కూర్చో మామా. ఆమె చెట్లు పోతాయి."

ఆయన నా వైపు చూడనైనా లేదు. వెనక్కి తిరిగి, చివరి వరసకు వినబడేలా గొంతు పెంచాడు.

"సార్ చెప్పేదే నిజం. నేల ఒకరిది, చెట్టు ఒకరిది ఎట్లయితుంది? ఆడబిడ్డకు చెట్టిచ్చేది ఎక్కడుంది? నేను అరవై ఏండ్లుగా ఈ ఊర్లోనే ఉండాను, చూసిందే లేదు."

మాదమ్మక్క దిగ్గున లేచింది. విసవిసా నడిచొచ్చి, మామ చేతిలోని మైకు లాక్కుంది.

"శెట్టిగారూ, కూర్చోండి. నేను చెప్తాను. మా నాయన నేల అన్నకిచ్చినాడు. చెట్లు నాకిచ్చినాడు. ఇరవై ఏండ్లుగా కాయ దులిపేది నేనే. అన్ననే అడగండి, కాదంటాడేమో. ఇప్పుడన్నా తెలిసిందా?"

అధికారి ఒకటికి రెండుసార్లు అడిగి అంతా రాయించాడు. చెట్టు హక్కుదారుకు వేరే గడి పెట్టాలని మినిట్స్‌లో ఎక్కేసరికి ఒంటిగంటకు రెండే నిమిషాలున్నాయి.

జనం వెళ్లాక మామను నిలదీశాను.

"అత్తకు పుట్టింటివాళ్లిచ్చిన చింతచెట్టు కిందే గదా రోజూ నువ్వు పేపర్ చదివేది?"

ఆయన జవాబు చెప్పేలోపు మాదమ్మక్క మళ్లీ వచ్చింది.

"ఇంత వయసొచ్చినా ఇది తెలీకపోతే ఎట్ల శెట్టిగారూ? ఒకనాడు మా ఊరికి రాండి, చెట్లు చూపించి చెప్తాను."

"వస్తానమ్మా" అని మామ బుద్ధిగా తల ఊపాడు.

ఆమె చెప్పులు టకటకలాడించుకుంటూ బస్టాండు వైపు నడిచింది. ఆమె అలా తల ఎత్తుకుని నడవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఆమెకు నిజం చెప్పేదా మామా?"

"వద్దు పాపా. ఈ పొద్దు ఆమె ఒకరికి పాఠం చెప్పింది. ఇంటికి అట్లే పోనీ."