ప్రెసిడెంటు గారి శనివారాలు

సోషల్ వర్కర్ల సంఘానికి ఆవిడ ఆరేళ్లుగా ప్రెసిడెంటు. జీతం భత్యం లేని పదవి. ఆసుపత్రిలో డ్యూటీ దిగి వచ్చి అద్దె హాలు తాళం తనే తీస్తుంది, కుర్చీలు తనే గుండ్రంగా వేస్తుంది, మైకును వేలితో రెండుసార్లు కొట్టి చూస్తుంది. చేతిసంచిలో సంఘం రబ్బరు స్టాంపు పక్కనే ఇళ్ల అడ్రసులు రాసుకున్న పాత నోటుబుక్కు ఇంకా మోస్తూనే ఉంది. ఒకప్పుడు శనివారాలు ఆవిడవి. ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లిన రోగులు ఎలా ఉన్నారో చూడ్డానికి మెట్లెక్కి దిగుతూ ఊరంతా తిరిగేది. ఇప్పుడా శనివారాలన్నీ మీటింగులు మింగేశాయి.

కొత్తగా చేరినవాళ్లకు ఆవిడ నేర్పే మొదటి పాఠం ఒకటే: "అడిగి ఊరుకోండి. మధ్యలో దూరకండి. అవతలివాళ్లే నోరు విప్పుతారు." మొన్న ఎన్నికల మీటింగులో, "ఈసారి ఈ పదవిని ఎవరు నెత్తికెత్తుకుంటారు? చెయ్యెత్తండి" అని అడిగి ఊరుకుంది. నలభై మందీ ఊరుకున్నారు. తలలు కాస్త పక్కకు వాల్చి, కళ్లనిండా ఆదరంతో, అచ్చం ఆవిడ నేర్పినట్టే ఎదురుచూశారు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. చివరికి నోరు విప్పింది ఆవిడే. "మూడో అంతస్తులో ఒక మామ్మ ఉండేది. తలుపు తీయగానే 'వచ్చావా తల్లీ, కూర్చో' అనేది. ఆ మాట కోసం ప్రాణం కొట్టుకుంటోంది. ఇప్పుడుందో లేదో కూడా..." చేతిసంచిలోని పాత నోటుబుక్కును తడిమింది. ఎవరూ మధ్యలో దూరలేదు. పక్క కుర్చీలో అమ్మాయి కళ్లు తుడుచుకుంది. ఎంత చక్కగా విన్నారో! చెయ్యి మాత్రం ఒక్కటీ లేవలేదు.