చేనిమీద కారు

రాప్తాడు పక్క పల్లెలో ఎర్రన్నకు నాలుగెకరాల మెట్ట ఉండేది. హైవే వెడల్పు చేసినప్పుడు అందులో ముప్పాతిక ఎకరం రోడ్డు కిందికి పోయింది. ఆయన నాయన తవ్వించిన బావి కూడా ఆ ముప్పాతికలోనే ఉంది. పదిహేనేళ్ళుగా చుక్క నీరు లేని బావే గానీ, ఎర్రన్న మనసులో అది నిండుగానే ఉండేది. పరిహారం రాగానే ఇంటికి రేకులు మార్పించి, పాత తెల్ల కారొకటి కొన్నాడు. అప్పటికి ఆయనకు అరవై రెండేళ్ళు. ముప్పై ఏళ్ళు ట్రాక్టరు నడిపిన మనిషి కాబట్టి కారును కూడా ట్రాక్టరులాగే నడిపేవాడు.

ఆయన భార్య చెన్నమ్మకు కారంటే భయం లేదు, ఆలస్యమంటేనే భయం. ఎర్రన్న రోడ్డెక్కగానే నేరుగా కుడివైపు, డివైడరు పూలచెట్లను ఆనుకున్న వరుసలోకి వెళ్ళి, ముప్పై అయిదు దగ్గర స్పీడు ముల్లును నిలబెట్టేవాడు. బావి ఉన్నది సరిగ్గా ఆ వరుస కిందేనని ఆయన నమ్మకం. ఆ చోటు రాగానే ఇంకాస్త నిదానించేవాడు. దాటాక కూడా అలవాటుకొద్దీ ఆ వరుస వదిలేవాడు కాదు. వెనక లారీలు హారన్ కొడితే తెలిసినవాళ్ళు పలకరిస్తున్నారనుకుని కిటికీలోంచి చెయ్యెత్తేవాడు. ఈ రోడ్డు మీద తిరిగే వాళ్ళందరికీ మన కారు గుర్తేనని భార్యతో గొప్పగా చెప్పుకునేవాడు. ఆ మాట మటుకు నిజమే.

ఒక గురువారం కంటి డాక్టరు చెన్నమ్మను పదిన్నరకల్లా అనంతపురం రమ్మన్నాడు. ఎర్రన్నకూ అదే రోజు అక్కడ డ్రిప్పు పైపులు తెచ్చే పని పడింది. కలిసే పోదామన్నాడు. కారులో కాళ్ళు చాపుకునే వీలుండదని చెన్నమ్మ మోకాళ్ళ మీద నెపం పెట్టింది. ఆయన వెళ్ళిన అరగంటకు పల్లెవెలుగు బస్సెక్కి, ఆధార్ కార్డు చూపించి, ముందు సీట్లో కుదురుగా కూర్చుంది. ఎర్రన్న దోవలో క్రాసురోడ్డు దగ్గర టీ తాగుతూ కబుర్లలో పడిన సంగతి ఆమెకు తెలియదు.

రెండు కిలోమీటర్లు పోగానే బస్సు నత్తనడకకు వచ్చింది. ముందర ఎడమ వరుసలో పశువుల మేతకు వేరుశెనగ కట్టె ఎత్తిన ట్రాక్టరు, దాని పక్కనే కుడి వరుసలో ఒక తెల్ల కారు, రెండూ మాట్లాడుకుంటున్నట్టు సమానంగా పోతున్నాయి. డ్రైవరు ఐజాక్ హారన్ కొట్టాడు. కారు కిటికీలోంచి ఒక చెయ్యి తాపీగా పైకి లేచింది. నలభై ఏళ్ళుగా తాను అన్నం వడ్డిస్తున్న చేతిని చెన్నమ్మ గుర్తుపట్టకుండా ఎలా ఉంటుంది? కొంగు ముఖం మీదికి లాక్కుంది.

బస్సులో తలా ఒక మాట అన్నారు. వాడికి లైసెన్సు ఇచ్చినవాణ్ణి ఒకాయన తిట్టాడు. కారును పాత ఇనుము కింద తూకానికి వేయాలని ఇంకొకాయన అన్నాడు. పక్క సీటు ముసలమ్మ మాత్రం జాలిపడింది.

"ఈయప్ప పెండ్లాం ఎట్ల ఏగుతాండాదో."

"ఆ యమ్మ ఇట్లనే ఏదో ఒక బస్సులో పోతాంటాది లేవ్వా," అంది చెన్నమ్మ.

చివరికి ట్రాక్టరు ఊరిలోకి మళ్ళింది. ఐజాక్ ఎడమ నుంచే బస్సును ముందుకు దూకించాడు. రోడ్డంచున వస్తున్న మోటారుసైకిలతను అదిరిపోయి మట్టిలోకి దిగిపోయాడు. పడలేదు గానీ, చెన్నమ్మ సీట్లోంచి లేచి కిటికీలోంచి వెనక్కి చూసింది. అంతదాకా ఉన్న సిగ్గు కాస్తా కోపమైంది. పక్కనుంచి పోతున్న బస్సుకు కూడా ఎర్రన్న నవ్వుతూ చెయ్యెత్తాడు.

దిగేముందు ఆమె ఐజాక్‌ను అసలు ఎవరు ఏ వరుసలో పోవాలని అడిగింది.

"ఎడమది పోయేదానికమ్మా, కుడిది ముందర బండిని దాటేదానికి. దాటినాక మళ్ళా ఎడమకు వచ్చేయల్ల. కుడిలో ఒకడు కదలకుండా ఉంటే మేమంతా ఎడమ నుంచి దూరల్ల. ప్రాణాలు పోయేది ఆడనే." ఆ కారాయన మీకు తెలుసా అని కూడా అడిగాడు. అప్పుడప్పుడు కనబడుతుంటాడని చెప్పి ఆమె దిగిపోయింది.

ఆమె చేరేసరికి డాక్టరు ఆపరేషన్‌కు వెళ్ళిపోయాడు. సోమవారం రమ్మన్నారు.

సాయంత్రం ఎర్రన్న సంగటి ముద్ద కలుపుకుంటుంటే చెన్నమ్మ ఎదురుగా కూర్చుని జరిగిందంతా చెప్పింది. మోటారుసైకిల్ సంగతి వినగానే ఆయన ముఖం మాడిపోయింది. అయినా ఓడిపోయినట్టు ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

"అది మా నాయన బావి మే. నా చేనిలో నేను పోతే ఎవనికేమి?"

"మన చేనే, కాదన్లే. చేనిలో పైరుంటే నడిమధ్య తొక్కుకుంటా పోతావా, గెనిమ మీద పోతావా?"

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పొలంగట్ల మీద నడిచిన మనిషికి రెండో జవాబు లేదు. గెనిమ మీదేనన్నాడు.

"ఎడమ వరుస గెనిమ అనుకో," అంది చెన్నమ్మ.

సోమవారం ఇద్దరూ కారులోనే బయలుదేరారు. ఎర్రన్న ఎడమ వరుసలో పోతూ, బావి చోటు రాగానే కుడివైపుకు తల తిప్పి చూసి, మళ్ళీ ముందుకు చూశాడు. కాసేపటికి గొర్రెల వ్యాను అడ్డమొచ్చింది. అద్దం చూశాడు, లైటు వేశాడు, కుడికి వచ్చి దాటాడు, తిరిగి ఎడమకు వచ్చాడు. జన్మలో మొదటిసారి ఇంకొక బండిని దాటిన ఆనందం ఆయనను నిలవనీయలేదు. ఇంకో వ్యానును దాటాడు. ఒక లారీని దాటాడు. డాక్టరు దగ్గరికి ముప్పావుగంట ముందే చేరారు.

పది రోజులకు ఫోనులో నోటీసు వచ్చింది. ఎనభై దాటరాదన్న చోట ఎర్రన్న కారు తొంభై ఆరు మీద పోయిందట. కింద ఫోటో కూడా ఉంది. ముందద్దంలోంచి ఎర్రన్న పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు, చెన్నమ్మ కళ్ళు మూసుకుని ఉంది.

ఫోటో బాగా వచ్చిందని ఆయన మెల్లగా అన్నాడు. చెన్నమ్మ కొత్త కళ్ళజోడు తుడిచి పెట్టుకుంది.

"ఈ పొద్దు నుంచి దోవ నువ్వు చూడు. ముల్లు నేను చూస్తా."