అన్నీ వస్తాయి

నగరిలో కేబులు కుప్పుస్వామి అంటే తెలియని మగ్గాల వీధి లేదు. తెలుగూ తమిళమూ ఒకే వైరులో పాతికేళ్లు ఇంటింటికీ అందించిన మనిషి. అంగడి మీద బోర్డు కూడా అదే చెబుతుంది: ‘అన్నీ వస్తాయి’. లేదు అనడం ఆయనకు మహా నామోషీ. మధ్యలో ఇంకో కేబులాయన పోటీకి దిగినా భయపడలేదు. ఇద్దరి దగ్గరా అవే చానెళ్లు. బొమ్మ ఎవరిది బాగుంటే జనం వాళ్ల వైపు.

తర్వాత ఇంటర్నెట్టు వచ్చింది. సినిమాలు చూసే మూడు యాప్‌లు కలిపిన ప్యాకేజీని కుప్పుస్వామి ఆ బోర్డు కిందే కూర్చుని అమ్మాడు. బోర్డు మార్చాలని మాత్రం తోచలేదు.

ఆ మధ్య సినిమా వాళ్లొచ్చి, నేతకు కండెలు చుట్టే మునిరత్నమ్మ ఇంట్లో నాలుగు రోజులు షూటింగు చేశారు. హీరోను తిట్టే తల్లిగా ఆమె చేత ఒక సీను కూడా చేయించారు. ఆ సినిమా హాలుకు రాకుండా నేరుగా ఆ మూడింటిలో లేని నాలుగో యాప్‌లో దిగింది. కుప్పుస్వామి తనకు ప్యాకేజీ ఇచ్చే పైవాళ్లకు ఫోను చేశాడు. హక్కులన్నీ ఆ ఒక్క కంపెనీవేనట, అది ఎవరి ప్యాకేజీలోనూ కలవదట. ఇప్పటి పోటీ బాగా చూపించడంలో లేదు మరి, పక్కవాడికి దక్కకుండా తాళం వేసుకోవడంలో ఉంది.

ఆ మాటే చెప్పి ఉంటే సరిపోయేది. కానీ మునిరత్నమ్మ వీధిలో ఆడవాళ్లందరినీ వెంటేసుకుని అంగడి ముందుకొచ్చింది.

“మన టీవీలో ఎప్పుడొస్తాదన్నా?”

బోర్డు కింద కూర్చుని రాదని చెప్పడానికి కుప్పుస్వామికి నోరు రాలేదు.

“వచ్చినా నువ్వు కనపడవు మునిరత్నమ్మా. నీ సీను కోసేసినారంట.”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె వెనక్కి తిరిగి ఇంటికి పోయింది.

ఆర్నెల్ల తర్వాత చెన్నై నుంచి ఆమె మేనకోడలు మోహన వచ్చింది. ఆ పిల్ల ఫోనులో ఆ నాలుగో యాప్ ఉంది. మర్నాడు పొద్దున్నే మునిరత్నమ్మ ఆ పిల్ల ఫోను పట్టుకుని అంగడికి పరుగున వచ్చింది.

“అన్నా, నా సీను కొయ్యలేదు! ఇదో సూడు. పాపం, నీకెవురో తప్పు సెప్పినారు.”

ఫోనులో ఆమె కొంగు దోపుకుని హీరోను కడిగేస్తోంది. కుప్పుస్వామికి సిగ్గేసింది. తల పైకెత్తలేకపోయాడు.

“ఎవురూ సెప్పలేదమ్మా. నా దాంట్లో రాదని సెప్పలేక నేనే అట్ల అనేసినాను.”

అంగడి ముందు నిలబడ్డ నలుగురూ విన్నారు. ఆమె ఫోను ఆపేసింది.

“రాదని సెప్పుంటే నీకేం తక్కువయ్యేది కాదన్నా,” అంది మెల్లగా. “ఆర్నెల్లు ఈ వీధిలో నేను తలొంచుకుని తిరిగినాను.”

ఆ సాయంత్రం కుప్పుస్వామి నిచ్చెనెక్కి బోర్డు దించాడు. ఎందుకని వీధిలో ఒక్కరూ అడగలేదు.