'రేడియో' అని చెక్కిన గ్లాసులు

మా చిన్నప్పుడు... అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో... భువనగిరిలో మా స్టీలు సామాన్ల దుకాణం మెట్టు మీద కూర్చుని రేడియోలో నా గొంతు నేనే విన్నాను. "పెద్దమ్మా, చిన్నమ్మా... పెండ్లి సామాన్లకు మా దుకాణానికే రావాలె! మీ కోసం ఎదురుచూస్తుంటం!"

ఆ ప్రకటన మా బాపు ఆఖరి ప్రయత్నం. మా ఎదురుగా పెద్ద షాపు పడ్డాక గిరాకీ పడిపోయింది. ఈ పెండ్లిళ్లప్పుడు కూడా ఇంతే అయితే దుకాణం మూసేసి, తానొక్కడే పట్నం పోయి కంపెనీలో పనికి కుదురుతానన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు.

రేడియో స్టేషన్ ఆయన ఒక ఉపాయం చెప్పాడు. 'రేడియోలో విన్నాం' అన్నవాళ్లకు గ్లాసు ఉచితంగా ఇస్తే, ప్రకటన పనిచేసిందో లేదో తెలిసిపోతుందట. నా పిలుపు అయిపోగానే ఇంకో గొంతు ఆ సంగతి చెప్పేది. బాపు వంద గ్లాసులు తెచ్చి, పేర్లు కొట్టే మిషన్‌తో ఒక్కోదాని మీద 'రేడియో' అని చెక్కాడు.

"ఇగ గివి వేరేటోళ్లు ఎవలు కొనరు కొడుకా" అని మా అవ్వ, బాపు వాళ్లమ్మ, నెత్తి కొట్టుకుంది.

ఒక రోజు... రెండు రోజులు... జనం వచ్చారు, బిందెలు కొన్నారు, పోయారు. గ్లాసు మాట ఒక్కరూ ఎత్తలేదు. గ్లాసుల అట్టపెట్టె అట్లాగే ఉంది.

నా గొంతు బాగాలేదేమో అని ఒకటే బెంగ... ఎవరూ చూడకుండా వేడినీళ్లు తాగేదాన్ని, ఇప్పుడు తాగి ఏం లాభమో! నా వల్లే బాపు పట్నం పోతాడని ఏడుపొచ్చేది.

నాలుగో రోజు బాపు అననే అన్నాడు. "రేడియో ఎవలు వింటలేరు. వీళ్లు ముహూర్తాలకు వచ్చేటోళ్లే. అవి అయిపోతే మళ్ల ఈగలు తోలుకునుడే. రేపటి సంది ఆ ప్రకటన బంద్ పెట్టిస్త."

అప్పుడే వలిగొండ దిక్కు నుంచి ఒక పెద్దమ్మ బిడ్డ పెండ్లి సామాన్లకు వచ్చింది. మా అవ్వ ఊరుకోదు కదా... "మా దుకాణం గురించి ఎవలు చెప్పిన్రమ్మా?" అని అడిగేసింది.

"ఎవలు చెప్పుడేంది? రేడియోల మీ పిల్ల పిలువలే? మా వాడకట్టోళ్లందరం గట్లనే వచ్చినం."

కాంటా మీద గంగాళం తూస్తున్న బాపు చెయ్యి ఆగిపోయింది. "మరి గ్లాసు అడగలేదేందక్కా?"

ఆమెకు కోపమొచ్చింది. "పిల్ల బొట్టు పెట్టి పిలిచినట్టు పిలిచిందని వచ్చినం గని, గ్లాసు కోసం వచ్చినమా? నోరు తెరిచి అడుక్కుంటమా?"

అవ్వ బాపు మీద లేచింది. "పిలిచినోళ్లం మనమే చేతుల పెట్టాలె గదరా!"

బాపు ఒక గ్లాసు కడిగి, మంచినీళ్లు పోసి ఆమెకు ఇచ్చాడు. తాగాక, "గ్లాసు నీదే అక్కా" అని ఆమె సంచిలో పెట్టాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆ రోజు నుంచి ఎవరొచ్చినా ముందు 'రేడియో' గ్లాసులోనే నీళ్లు, తాగాక ఆ గ్లాసు వాళ్లకే. పెట్టె ఖాళీ అయింది. ప్రకటన ఆగలేదు. బాపు పట్నం పోలేదు.

ఇప్పుడు మా ప్రకటన ఫోన్లో వస్తుంది. ఎంతమంది చూశారో అదే చెబుతుంది. అయినా బాపు గిరాకీని అడుగుతాడు, ఎట్లా తెలిసిందని. "ఫోన్ల కనబడ్డది" అంటారు. పిలిచిన్రు అని ఎవరూ అనరు...

మీలో ఎవరింట్లోనైనా 'రేడియో' అని చెక్కిన గ్లాసు ఉందా? ఉంటే ఒక మాట చెప్పండి... మిమ్మల్ని పిలిచిన పిల్లను నేనే.