పావుగంట నాడి

కాంపౌండర్ శాంతయ్యకి ఒకటే జబ్బు. చెయ్యి కనబడితే నాడి చూడాల్సిందే! నమస్కారం పెట్టినా, చిల్లర ఇచ్చినా, పెళ్ళిలో తాంబూలం అందించినా ఆ చెయ్యి ఇక మనది కాదు. జగ్గయ్యపేట బస్టాండు ఎదురుగా వరప్రసాదరావు డాక్టరుగారి ఆసుపత్రి అరుగే ఆయన కాపలా చోటు. పంతొమ్మిదివందల డెబ్భై తొమ్మిది నాటికి సగం ఊరు చేతులు జేబుల్లో పెట్టుకునే ఆ వీధి దాటేది.

అందరికంటే ఎక్కువ దొరికిపోయినవాడు హైస్కూలు మాస్టరు ప్రేమానందం. ఆయనకి పేకాట పిచ్చి. ఒకటో తారీఖున జీతం అందుకుని ఐదున్నర బస్సుకి నందిగామ వెళ్ళాలి. ఆ బస్సు తప్పితే అక్కడ ఆటలో కుర్చీ దొరకదు. సరిగ్గా ఐదూ పావుకి శాంతయ్య ప్రత్యక్షం!

"వదలండి శాంతయ్యగారూ, బస్సు!"

"మాట్లాడకండి మాస్టారూ, లెక్క తప్పింది. మళ్ళీ మొదట్నించీ."

ఇలా పావుగంట. ఎన్ని బస్సులు పోయాయో!

ఒకరోజు చెయ్యి పట్టుకునే అడిగాడు శాంతయ్య. "మొన్న గెలిచారా?"

"ఎక్కడండీ, ఒక్క ముక్కలో పోయింది."

"అదిగో, నాడి ఎగిరింది! గెలిచానన్న రోజు కూడా ఇంత ఎగర్లా."

"ఎగిరితే?"

"మా డాక్టరుగారు పుస్తకంలో చదివి చెప్పారండీ. ఎలుక మెదడులో ఒకచోట సన్నతీగ పెట్టి, మీట నొక్కితే కరెంటు తగిలేట్టు చేశారంట. అది తిండీ నీళ్ళూ మానేసి మీట నొక్కుతా కూర్చుందంట. మనకీ ఉందంట ఆ చోటు. వచ్చిన డబ్బుకి కాదండీ అది గంతులేసేది, ఈసారి వస్తుందేమోనన్న ఆశకి."

"అంటే నేను ఎలుకనా?"

"ఛఛ, ఎలుకకి బస్సెక్కే శ్రమ లేదు."

ప్రేమానందానికి ఒళ్ళు మండిపోయింది.

ఆ ఏడు జూన్ ఒకటిన ఆయన జేబులో జీతంతోపాటు చెల్లెలు ప్రేమకుమారి ఫీజు డబ్బు కూడా ఉంది. ఆమెకి టీచర్ ట్రైనింగులో సీటొచ్చింది, కట్టడానికి రేపే ఆఖరు రోజు. కట్టకపోతే సీటు ఇంకొకరిది. 'ఒక్క ఆట! గెలిచిందాంతో దానికి ట్రంకుపెట్టె, రెండు చీరలు కొంటా. ఫీజు ఎటూ రేపు కదా' అనుకుంటూ, చేతులు రెండూ చంకల్లో దాచుకుని బస్టాండుకేసి పరుగెత్తాడు.

"మాస్టారూ, మీ చెప్పు తెగింది!"

కంగారుగా వంగి చెప్పుకేసి చెయ్యి పోనిచ్చాడు. అంతే, మణికట్టు శాంతయ్య గుప్పిట్లో ఉంది. చెప్పు శుభ్రంగా ఉంది.

"మోసం! వదలండి! దేవుడు చూస్తున్నాడు!"

"చూడనీండి. దొరికితే ఆయన నాడీ చూస్తా."

లాగాడు, గింజుకున్నాడు, తిట్టాడు. బస్సు హారన్ కొట్టి, దుమ్ము లేపి వెళ్ళిపోయింది. ప్రేమానందం అరుగు మీద కూలబడ్డాడు. కాసేపటికి రెండో చేత్తో జేబులో ఫీజు డబ్బు తడిమి చూసుకున్నాడు. ఎంత పని చెయ్యబోయాను! సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"ఎంతుందండీ నాడి?" అన్నాడు నెమ్మదిగా.

"ఏమో!"

"ఇంతసేపూ పట్టుకుని?"

"నేను బస్సుకేసి చూస్తున్నానండీ." శాంతయ్య చెయ్యి వదిలేశాడు. "కీసరలో నాకూ ఎకరం ముప్పావు ఉండేది మాస్టారూ. పేకలోనే పోయింది. ఆ పురుగు నన్ను కుట్టినప్పుడల్లా పావుగంటే. అది దాటితే మళ్ళీ మామూలు మనిషినే. ఆ పావుగంట నా చెయ్యి పట్టుకునేవాడే లేకపోయాడు."

ప్రేమానందం మర్నాడు పదింటికల్లా ఫీజు కట్టి రసీదు చెల్లెలి చేతిలో పెట్టాడు.

జూలై ఒకటిన ఐదూ పావుకి ఆయనే నడిచొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అప్పటికే శాంతయ్య రెండు చేతుల్లోనూ రెండు మణికట్లున్నాయి. ఇంతలో మిల్లు గుమాస్తా బుల్లిబాబు జీతం డబ్బుతో నందిగామ బస్సు కోసం పరుగెత్తుకొస్తున్నాడు.

"మాస్టారూ! నాకు రెండే చేతులండీ, ఆయన్ని మీరు చూడండి!"

ప్రేమానందం ఒక్క గెంతులో రోడ్డు మీదికి దూకి బుల్లిబాబు చెయ్యి దొరకబుచ్చుకున్నాడు.

"మీరు కూడానా! ఎంత కొట్టుకుంటుందో చెప్పి వదలండి మాస్టారూ, బస్సు పోద్ది!"

"లెక్కలు నాకు రావు బాబూ, నేను తెలుగు పండితుణ్ణి," అంటూ ప్రేమానందం ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.