ఇల్లిస్తానన్న గొంతు

నేను దయ్యాలను నమ్మను. నమ్మకపోవడం నాకు అలవాటు కాదు, పని. బాణామతి చేసిందని ఒక ఆడమనిషిని ఊరంతా వెలేస్తే ఆ ఊరికి వెళ్ళి, మైకు పట్టుకుని, "చేతనైతే నాకు చెయ్యండి, ఇక్కడే కూర్చుంటాను" అని సవాలు చేసినదాన్ని. స్వాముల చేతుల్లోంచి రాలే విభూతి ఎక్కడ దాగుంటుందో వేదికల మీద విప్పి చూపించినదాన్ని. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది నా నోట రావలసిన మాట కాదు. అయినా జరిగినదాన్ని జరగలేదనడం కూడా ఒక మూఢత్వమే. అందుకే రాస్తున్నాను.

వరంగల్‌లో ఒక విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం చెబుతాను. ఆ మధ్య మా విభాగంలో అద్దె ఇళ్ళ మీద ఒక పరిశోధన మొదలుపెట్టాం. ఇల్లు ఖాళీగా ఉందని బోర్డు పెట్టినవాళ్ళు అడిగే మనిషి పేరు విని మాట మారుస్తారా అన్నది ప్రశ్న. పద్ధతి చాలా తేలిక. ఒకే ఇంటికి ఇద్దరు అమ్మాయిలు విడివిడిగా ఫోన్ చేస్తారు. యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాను, నేనూ మా అమ్మా ఉంటాం అని ఇద్దరూ ఒకే మాట చెబుతారు. తేడా పేరులోనే.

ఒక పేరు స్వప్న. వరంగల్ పక్క పల్లెలో పత్తి పండించే ఇంటి పిల్ల. రెండో పేరు నస్రీన్, ఏటూరునాగారం నుంచి వచ్చింది. ఇద్దరూ నా దగ్గరే పీహెచ్‌డీ చేస్తున్నారు. ఇద్దరూ సొంత పేర్లతోనే అడిగేవారు.

నస్రీన్‌కు ఇది ఒట్టి పరిశోధన కాదు. వాళ్ళమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు ఏటూరునాగారం నుంచి బస్సులో వరంగల్ రావాలి. తిరుగు ప్రయాణంలో ఆమె సీటులో కూర్చోలేక కూతురి ఒడిలో పడుకునేది. ఇలా ఎక్కువ కాలం తిప్పవద్దని డాక్టరు చెప్పేశాడు. దవాఖానకు దగ్గరలో, మెట్లు లేని ఇల్లు ఒకటి కావాలి. నిజంగా ఇల్లు వెతుక్కునే మనిషే దొరికింది, అబద్ధం చెప్పించే పని తప్పింది అని నేను లోలోపల సంబరపడ్డాను. ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు.

స్వప్నతో "ఎప్పుడొస్తవమ్మా, వచ్చి చూస్కో" అన్న గొంతే, నస్రీన్ పేరు వినగానే "అయ్యో, ఇప్పుడే ఇచ్చేసినం" అనేది. కొందరు "మాకేం పట్టింపు లేదమ్మా, పై వాటావాళ్ళు ఒప్పుకోరు" అనేవారు. ఒకాయన "కూరలేం వండుతరు?" అని అడిగి, జవాబు వినకుండానే పెట్టేశాడు.

"నా పేరుకు ఇన్ని ఇండ్లొస్తాన్నయ్, ఒకటి నువ్వు తీస్కోరాదె" అని స్వప్న ఏడిపించేది.

"ఇంటితోపాటు నీ పేరు గూడ అద్దెకిస్తవా మరి?" అని నస్రీన్ అంటించేది.

మొదట్లో ముగ్గురం నవ్వుకునేవాళ్ళం. తర్వాత తర్వాత స్వప్న ఆ మాట ఎత్తడం మానేసింది.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక విభాగం గదిలో కూర్చున్నాం. దవాఖాన వెనుక గల్లీలో ఒక గేటుకు కట్టిన రేకు బోర్డును స్వప్న ఫోటో తీసుకొచ్చింది. చేత్తో రాసిన "ఇల్లు అద్దెకు", కింద పాత ల్యాండ్‌లైన్ నంబరు. ఎప్పటిలాగే ఫోను స్పీకర్‌లో పెట్టి స్వప్న ముందు చేసింది. ఆ నంబరు ఉపయోగంలో లేదని రికార్డు గొంతు చెప్పింది. పాత బోర్డు, వదిలెయ్యమన్నాను.

"ఇద్దరం చెయ్యాలని మీరే గద మేడం రూల్ పెట్టింది" అని నస్రీన్ తన ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి చేసింది.

రింగయింది.

"ఎవలు బిడ్డా?" ముసలి గొంతు. ఎక్కడో దూరం నుంచి కాదు, పక్కగదిలోంచి పిలిచినట్టుంది.

నస్రీన్ ఎప్పుడూ చెప్పేదే చెప్పింది. పేరు చెప్పింది. మేము అలవాటుగా "ఇప్పుడే ఇచ్చేసినం" కోసం ఎదురుచూశాం.

"అమ్మను తోల్కరా. మెట్లు లేవు, కిందిదే. యెనుక తలుపు గొళ్ళెం జర పైకెత్తి తొయ్యాలె బిడ్డా, ఊకె గుంజితె పడది."

అన్ని తిరస్కారాలు తిన్న పిల్ల కదా, నమ్మలేదు. అడగకముందే మాంసం సంగతి తనే ఎత్తింది. "అమ్మమ్మా, మేము ముస్లిములం. ఇంట్ల కౌసు వండుకుంటం."

"వండుకోర్రి. నాకో గిన్నె పెట్టుర్రి. నాకు పెట్టేటోళ్ళు ఎవలున్నరు ఈడ?"

ఫోన్ కట్టయింది. స్వప్న కుర్చీలోంచి లేచి నస్రీన్‌ను వాటేసుకుంది. ముగ్గురం ఒకే ఆటోలో ఎక్కి ఆ గల్లీకి వెళ్ళాం.

గేటుకు తాళం. ఎదురింట్లో మిషను కుడుతున్న టైలరు మల్లేశం మమ్మల్ని చూసి బయటికొచ్చాడు. ఈ ఇంటి ముసలమ్మతో ఇప్పుడే ఫోన్‌లో మాట్లాడి వచ్చామన్నాను. రాజవ్వతోనా అని ఆయన ఎదురడిగి, మా ముఖాలకేసి చూశాడు.

"ఏ నంబరుకు కొట్టిన్రు మేడం? రాజవ్వ పోయి ఏడాది దాటె. ఆ ఫోనైతే రాజవ్వకన్న ముందే పోయింది, ఆ బోర్డు ఎప్పటిదో."

అక్కడే నిలబడి ముగ్గురి ఫోన్లలోంచీ మళ్ళీ చేశాం. మూడుసార్లూ ఉపయోగంలో లేదన్న జవాబే. నస్రీన్ ఫోన్‌లో మాత్రం ఇందాకటి కాల్ ఉంది. అదే నంబరు. అంకె అంకె పోల్చి చూశాను.

కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసే సరోజ రాజవ్వ కూతురని మల్లేశం చెప్పి, మా ఎదుటే ఆమెకు ఫోన్ చేశాడు. మర్నాడు పొద్దున వస్తానంది.

ఆటో కోసం నడుస్తూ నేను నస్రీన్‌తో గట్టిగానే అన్నాను. ఇల్లు న్యాయంగా అడుగు, హక్కుగా అడుగు, ఫోన్ సంగతి మాత్రం ఎత్తకు. దయ్యం సిఫారసుతో వచ్చే ఇల్లు మనకొద్దు.

"ఇన్ని దినాలు న్యాయంగనే అడిగిన గద మేడం" అంది నస్రీన్. "మీ హేతువాదం మా అమ్మను ఆ బస్సుల కూసోబెడ్తదా?"

నేను ఆటోకు చెయ్యెత్తాను.

మర్నాడు సరోజ తాళంచెవి తెచ్చింది గానీ తియ్యలేదు. నస్రీన్ పేరు విన్నాక గేటు ఊచ పట్టుకుని, నేల చూస్తూ, మేము అప్పటికి కంఠస్థం చేసిన ఆ మాటే మొదలుపెట్టింది. "నాకైతే ఏం లేదు గని, మావోళ్ళు..."

నస్రీన్ అడ్డుపడింది. నేను వద్దన్నా చెప్పింది. ముసలి గొంతు, గొళ్ళెం, చివరికి గిన్నె.

గిన్నె మాట దగ్గర సరోజ ముఖం మారింది. గేటు వదిలేసి అరుగు మీద కూర్చుండిపోయింది.

"మా అవ్వకు కౌసంటె పానం. ఆఖరి రోజులల్ల డాక్టరు బంజెయ్యిమన్నడు. ఒక్క తునకన్న పెట్టే బిడ్డా అని రోజూ అడిగేది. నేను పెట్టలే."

కాసేపటికి కళ్ళు తుడుచుకుని లేచి తాళం తీసింది. ఎవరూ చూపించకముందే నస్రీన్ నేరుగా వెనుక తలుపు దగ్గరికి వెళ్ళి, గొళ్ళెం పైకెత్తి తోసింది. పడింది. పక్కనే ఉన్న నేను ఊరికే గుంజి చూశాను. పడలేదు. ముందు గదిలో ఫోన్ ఉండే చోట గోడకు రెండు మేకు రంధ్రాలు, తెగిన వైరు ముక్క ఉన్నాయి.

"అవ్వ మాటిచ్చినంక నేనెవలిని కాదనెతందుకు? మావోళ్ళకు నేను చెప్త" అంటూ సరోజ తాళంచెవి నస్రీన్ చేతిలో పెట్టింది.

ఆ ఆదివారమే తల్లీకూతుళ్ళు దిగారు. నస్రీన్ వాళ్ళమ్మ చేతనైనంతలో కూర్చునే మటన్ వండింది. మొదటి గిన్నె సరోజకిచ్చింది. సరోజ దాన్ని రాజవ్వ పడుకునే మూలకు తీసుకెళ్ళి, గోడవైపు తిరిగి కూర్చుని, ఒక్క తునక వదలకుండా తిన్నది. స్వప్న ఊరుకుంటుందా? "అక్కా, మీ అవ్వ పేరు చెప్పి నా గిన్నె గూడ తింటవేమో, జర ఆగు" అంది. ఏడుస్తున్న సరోజ పొలమారేంత నవ్వింది.

నేను ఊరికే కూర్చోలేదు. తప్పు నంబరు అనుకుందామంటే కాల్ రికార్డు ఒప్పుకోదు. ఆ నంబరు వేరేవాళ్ళకు ఇచ్చారేమోనని టెలిఫోన్ ఆఫీసులో అడిగాను, ఎవరికీ ఇవ్వలేదన్నారు. ఎవరో ఆటపట్టించారనుకుందామంటే, నస్రీన్ ఏ నిమిషాన ఏ నంబరు నొక్కుతుందో మాకే తెలియదు. ఆశపడిన చెవి లేనిది వింటుందని నేనే పాఠం చెబుతాను. కానీ ముగ్గురి చెవులు కలిసి ఒక గొళ్ళెం సంగతి ఎలా వింటాయి?

పరిశోధన పూర్తయింది. ఉపయోగంలో లేని నంబరు కాబట్టి ఆ ఇంటిని లెక్కలోంచి తీసేశాం. ఫలితాలు వినిపించిన రోజు హాలు నిండింది. నస్రీన్ వాళ్ళమ్మ ముందు వరసలో కూర్చుంది, దవాఖాన నుంచి నేరుగా వచ్చి. పేరు విని మాట మార్చిన గొంతులను నస్రీన్ ఒక్కొక్కటే వినిపించినట్టు చెబుతుంటే, సొంత ఇళ్ళున్న పెద్దమనుషులు కుర్చీల్లో కదిలారు. వెనుక కూర్చున్న మల్లేశం లేచి, తన పై వాటా ఖాళీగా ఉందని, ఎవరి పేరైనా సరేనని అందరి ముందూ ప్రకటించాడు. చప్పట్లు ఆగలేదు. ఇప్పుడు ఆ పై వాటాలో రహీమ్ అనే మెకానిక్ కుటుంబం ఉంది. ఆ గల్లీలో ఇల్లు అడిగితే ముందు పేరు అడగడం మానేశారు. నేను ఎన్నో సభల్లో గెలిచాను గానీ, ఇంత కళ్ళారా చూసిన గెలుపు మరొకటి లేదు.

దయ్యాలున్నాయా మేడం అని ఇప్పటికీ అడుగుతారు. లేవంటాను. మరి ఆ ఫోన్ ఎవరెత్తారంటే తెలియదంటాను. రెండూ నిజమే. ఈ సంగతిని ఏ బాబా చేతిలోనూ పెట్టను, నాకు తెలుసని అబద్ధమూ చెప్పను.

అప్పుడప్పుడూ ఆ నంబరుకు చేసి చూస్తుంటాను. ఉపయోగంలో లేదంటుంది. పక్కనుంచి స్వప్న అంటుంది: "మీకెందుకు ఎత్తుతది మేడం? మీకు సొంతిల్లుంది గద."